ఎదురు ప్రశ్న వేసే వంటింటి యంత్రం

వంట నేర్పుతామంటూ వచ్చిన ఫోన్ యాప్‌లు, మాట వినే స్పీకర్లు, తెరలు అమర్చిన పొయ్యిలు కొంతకాలంగా నా దృష్టిలో ఉన్నాయి. వాటిని చూడగానే పెదవి విరిచే పెద్దలతోనూ నాకు పొత్తు కుదరదు, ఫోనుంటే చాలు ఇంట్లో పెద్దవాళ్ళతో పనేమిటనే కుర్రకారుతోనూ కుదరదు. వంట నేర్పే యంత్రం మంచిచెడ్డలు అది మనల్ని ఏమేమి అడుగుతుందో చూసి తేల్చవచ్చునని నా నమ్మకం. "ఏడు నిమిషాలు మరిగించండి" అని చెప్పి ముందుకు పోయే యంత్రం పుస్తకం చదివి వినిపించే పనే చేస్తోంది. "ఇప్పుడు గరిటె ఎత్తి చూడు, పాకం ఎలా జారుతోంది?" అని అడిగి, మన జవాబును బట్టి తర్వాతి మాట మార్చుకోగలిగినప్పుడే అది నేర్పుతోందని అనగలం. ఈ రెండో రకం ఇంకా పూర్తిగా చేతికి రాలేదు గాని, వచ్చే దారిలో ఉంది. ఒడిశాలోని మా కోరాపుట్ వంటిళ్ళు దానికి గట్టి పరీక్షలే పెడుతున్నాయి.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. సాలూరు ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా వస్తే తగిలే ఈ కొండ ఊళ్ళో తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. 1936లో ఒడిశా వేరుపడేదాకా ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం కనుక అప్పటి నుంచీ ఉన్న కుటుంబాలు కొన్ని. సునాబేడలో విమాన ఇంజన్ల కర్మాగారం, దామంజోడిలో అల్యూమినా కర్మాగారం వచ్చాక ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినవి మరికొన్ని. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఒడియా లేకపోతే ఇంగ్లీషు. అందువల్ల మా తర్వాతి తరం తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని, తెలుగు పేజీ తెరిచి పెడితే తెల్లమొహం వేస్తుంది. అత్తగారు తన చేతిరాతతో నింపి ఇచ్చిన వంటల నోటుపుస్తకం బీరువాలో భద్రంగా ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. ఆ ఇళ్ళలో దాన్ని చదవగలిగిన మనవరాలు మాత్రం లేదు. అచ్చు తెలుగునైతే ఫోన్ కెమెరా బాగానే చదివి వినిపిస్తుంది, పాతకాలపు గొలుసుకట్టు రాత ముందు మాత్రం అది కూడా తడబడుతుంది.

ఇలాంటి ఇళ్ళకు మాటతో నడిచే సాంకేతికత అవసరం మైదానంలోని ఇళ్ళకంటే ఎక్కువ. ముందు గూగుల్ అసిస్టెంట్ తెలుగు మాట వినడం మొదలుపెట్టింది, తర్వాత 2024లో గూగుల్ వారిదే, మనతో సంభాషణ సాగించే జెమినై లైవ్‌కు తెలుగు వచ్చింది. మొదటిదానితో ఒక ప్రశ్న, ఒక జవాబు, అక్కడితో సరి. రెండోదాంట్లో అది చెబుతూ ఉండగానే అడ్డు తగిలి, "ఆగు, నా దగ్గర చింతపండు లేదు, టమాటా ఉంది" అని మాట మళ్ళించవచ్చు. వంటింట్లో ఎవరి దగ్గర ఏది నేర్చుకున్నా ఇలా అడ్డు తగిలే నేర్చుకున్నాం కనుక, ఈ తేడా చిన్నదేమీ కాదు.

చేతుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఫోన్ తెర మన వేలికి ఉన్న విద్యుత్ గుణాన్ని పసిగట్టి పని చేస్తుంది. వేలు తడిగా ఉన్నా, తెర మీద నీటి బొట్టు పడినా ఎక్కడ నొక్కామో దానికి అర్థం కాదు. పొడి పిండి అంటిన వేలికైతే ఒక్కోసారి అసలు పలకదు. శనగపిండి కలిపిన చేత్తో వీడియోను వెనక్కి జరపబోయి, అది ఇంకేదో ప్రకటనలోకి వెళ్ళిపోవడం చూడని ఇల్లాలు ఉండదు. మాట వినే యంత్రానికి ఈ బాధ లేదు గాని, దానికి వేరే బాధ ఉంది. మిక్సీ తిరుగుతున్నప్పుడు, కుక్కర్ కూత వేస్తున్నప్పుడు మన గొంతును ఆ రొద నుంచి వేరు చేసి వినాలి. 2014లో అమెరికాలో వచ్చిన మొదటి అమెజాన్ ఎకో స్పీకర్‌లో ఏడు మైకులు పెట్టడానికి కారణం ఇదే: ఏ మైకుకు శబ్దం ముందు చేరిందో, దేనికి వెనక చేరిందో పోల్చి, మాట వచ్చే దిక్కును పట్టుకుని అటువైపే చెవి పెట్టవచ్చు. పొయ్యి పక్కన నిలబెట్టిన మామూలు ఫోనుకు అంత సదుపాయం ఉండదు. అందుకని దాన్ని చిమ్నీకి దూరంగా, మనకు ఎదురుగా పెట్టుకోవాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1969లో హనీవెల్ కంపెనీ తయారుచేసిన కిచెన్ కంప్యూటర్‌ను అమెరికాలో నీమన్ మార్కస్ అనే దుకాణం తన పండుగ కేటలాగులో 10,600 డాలర్ల ధరకు పెట్టింది. వంటకాలను దాచిపెట్టుకునే ఆ పెట్టెకు తెర లేదు, అక్షరాల మీటలు లేవు. మీటలు పైకీ కిందికీ వేసి అడగాలి, దీపాలు వెలిగి ఆరితే ఆ వరుసను చదువుకుని జవాబు తెలుసుకోవాలి. ఆ విద్య నేర్పడానికి రెండు వారాల శిక్షణ కూడా ధరలోనే కలిపారు. దాన్ని కొన్న ఇల్లు ఒక్కటీ ఉన్నట్టు దాఖలా లేదు. రెండు వారాల్లో ఏ మేనత్త దగ్గరో కూర్చుంటే పులుసుల దగ్గర నుంచి పిండివంటల దాకా వచ్చేసేవి కదా అనిపిస్తుంది నాకు. 2006లో జపాన్‌లో నింటెండో వారు పిల్లలు ఆడుకునే డీఎస్ యంత్రంలోనే వంట నేర్పే కార్యక్రమం తెచ్చారు. అది ఒక్కో మెట్టూ పైకి చదివేది, మనం నోటితో చెబితే తర్వాతి మెట్టుకు వెళ్ళేది. పిండి చేతులతో తాకనక్కర్లేదన్న ఆలోచన అప్పటికే అందులో ఉంది. అయితే మన మూకుట్లో ఏం జరుగుతోందన్నది దానికి అక్కర్లేదు. "తర్వాత" అంటే తర్వాతకు వెళ్ళడమే దాని పని. ఈనాడు యూట్యూబ్‌లో చూసే వేల వీడియోలదీ అదే తీరు. అక్కడి ఉల్లిపాయలు ఎర్రబడతాయి, మనవి ఇంకా పచ్చిగానే ఉంటాయి, వీడియో ఆగదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అరిసెలు మా సరిహద్దు జిల్లాల ఉమ్మడి ఆస్తి. తెలుగు ఇళ్ళలో సంక్రాంతికి అరిసెలైతే, ఒడియా ఇళ్ళలో అదే బియ్యప్పిండి, అదే బెల్లప్పాకం, అవే నువ్వులతో ఆరిసా పిఠా. పూరీ జగన్నాథుడి ప్రసాదాల్లోనూ అది ఉంది. రెండు వైపులా పేరుమోసిన ఈ వంటకంలో కష్టమంతా పాకం దగ్గరే. నానబెట్టి వడకట్టిన బియ్యాన్ని తడి ఆరకముందే పిండి కొట్టి, జల్లించి, గుడ్డ కప్పి ఉంచుకోవాలి. బెల్లంలో కాసిని నీళ్ళు పోసి కరిగించి, ఇసుక ఉంటే వడపోసి, మళ్ళీ పొయ్యి మీద పెట్టాలి. పాకం లేతగా ఉండగా దించితే అరిసె నూనెలో విచ్చిపోతుంది. ముదిరాక దించితే చల్లారేసరికి దవడలకు పని పెడుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న ఆ కాస్త సమయాన్ని పట్టుకోవడానికి మన వాళ్ళు కనిపెట్టిన పరీక్ష ఒక పళ్ళెం, అందులో చన్నీళ్ళు. పాకపు చుక్క వేసి వేలితో కూడదీస్తే మెత్తటి ఉండగా నిలవాలి. నీళ్ళలో కరిగిపోతే ఇంకా కాగాలి. ఉండను పళ్ళేనికేసి కొడితే ఠంగుమన్నదంటే అది అరిసెలకు కాక వేరుశనగ అచ్చులకు పనికొస్తుంది.

మా కింది వాటాలో శ్రీకాకుళం నుంచి బదిలీ మీద వచ్చిన బ్యాంకు కుర్రవాడు ఒకడు ఉంటాడు. ఒంటరి వంట. అతను పాకంలో గుచ్చే సూది థర్మామీటరు ఒకటి తెప్పించాడు. అది ఫోనుకు అనుసంధానమై ఉంటుంది, అనుకున్న వేడి రాగానే ఫోన్ మోగుతుంది. పండుగకు ఇంటికి వెళ్ళడానికి సెలవు దొరకక ఇక్కడే అరిసెలు వండుకుంటానని కూర్చున్న రోజున మెట్ల మీద నుంచి పిలిచాడు.

"పిన్నిగారూ, ఒక్కసారి వస్తారా? నూటపదహారు దాకా ఆగమని యాప్ చెబుతోంది, ఇప్పుడు నూటపన్నెండు దగ్గర ఉంది. కానీ నురగ చూస్తే భయంగా ఉంది."

"నీళ్ళలో వేసి చూశావా బాబూ?"

"లేదండీ, నెంబరు వస్తుంది కదా అని చూళ్ళేదు."

పళ్ళెంలో వేసి చూస్తే ఉండ ఎప్పుడో వచ్చేసింది. వెంటనే దించి పిండి పోశాం, అరిసెలు బాగానే వచ్చాయి. అయితే ఆ నాలుగు డిగ్రీల తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఆలోచించదగ్గ విషయం. థర్మామీటరు చెడిపోలేదు. పంచదార పాకానికి మెత్తటి ఉండ దశ 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య వస్తుందని చెప్పే లెక్కలు సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్ళకు వేసినవి. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, ప్రతి 300 మీటర్లకు నీళ్ళు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ దిగుతుంది. అంటే మా ఊళ్ళో నీళ్ళు 97 దగ్గరే మరుగుతాయి. పాకం కూడా అంతే తగ్గుతుంది, ఎందుకంటే పాకం చిక్కదనాన్ని చెప్పేది దాని వేడి నీటి మరుగు కంటే ఎంత పైన ఉందన్న లెక్కే. మొత్తం దశ వెడల్పే నాలుగు డిగ్రీలు, అందులో మూడు డిగ్రీలు ఊరి ఎత్తుకే పోతే ఇక మిగిలేదేమిటి? 116 అనుకుని దించితే మైదానంలో 119కి దించినట్టు, అంటే ముదురు పాకం. పైగా ఈ లెక్కలు తెల్ల పంచదారకు వేసినవి. బెల్లంలో ఖనిజాలు, విడిపోయిన చక్కెరలు, తేమ ఏ దిమ్మకు ఆ దిమ్మ వేరుగా ఉంటాయి కాబట్టి బెల్లానికి ఒకే అంకె చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆ యాప్ వంట మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది: "ముందు ఆ సూదిని మరుగుతున్న నీళ్ళలో పెట్టి నాకు చూపించు." అప్పుడు 97 చూసి, తన అంకెలన్నీ మూడు తగ్గించుకునేది. "చుక్క నీళ్ళలో వేస్తే ఏమైంది?" అని రెండో ప్రశ్న వేసి ఉంటే బెల్లం తేడాను కూడా సర్దుకునేది. ఇందులో గొప్ప కృత్రిమ మేధ ఏమీ అక్కర్లేదు, తీసివేత చాలు. ఫోనుకు ఊరి ఎత్తు ఎలాగూ తెలుసు. దారి చూపించేటప్పుడు మనం ఎక్కడున్నామో కొద్ది గజాల తేడాతో చెప్పేది అదే. తెలిసిన సంగతిని వంటకు వాడుకోవాలన్న ఆలోచన తయారుచేసినవారికి రాలేదు, ఎందుకంటే వారి వంటిళ్ళు కొండల మీద లేవు.

కుక్కర్ విషయంలోనూ ఇదే వరస. కూతలు లెక్కపెట్టే యాప్‌లు ఫోన్లలో ఉన్నాయి, అవి శబ్దాన్ని గుర్తుపట్టి మూడో కూతకు గంట కొడతాయి. పని మీద వేరే గదిలో ఉన్నవారికి, చెవులు మందగించినవారికి ఇవి ఎంతో మేలు. కాని మూడు కూతలు అన్నది ఎన్ని నిమిషాలో ఎవరూ చెప్పలేరు. మంట పెద్దదైతే కూతలు తొందరగా వస్తాయి, నీళ్ళు ఎక్కువైతే ఆలస్యంగా వస్తాయి, గాస్కెట్ సాగిపోయి ఉంటే రానే రావు. సముద్ర తీరంలో కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. కొండ మీద బయటి గాలి ఒత్తిడి తక్కువ కనుక లోపలి వేడి కూడా రవ్వంత తగ్గుతుంది గాని, విడి గిన్నెతో పోలిస్తే కుక్కరే నయం. మా ఊళ్ళో కందిపప్పు విడి గిన్నెలో ఉడకాలంటే ఓపిక ఉండాలి. ఇండక్షన్ పొయ్యి మీద కనిపించే డిగ్రీల అంకె కూడా గాజు పలక అడుగున ఉన్న సెన్సారు చెప్పేదే గాని, గిన్నెలో ఉన్న పదార్థానిది కాదు. నూనె కాగిందో లేదో ఆ అంకెను చూసి నిర్ణయించబోతే మోసపోతాం.

యంత్రాలకు ఏ ఇంద్రియాలు ఉన్నాయో, ఏవి లేవో తెలిస్తే వాటిని ఏం అడగాలో, ఏం అడగకూడదో తెలుస్తుంది. చెవి ఉంది: పోపులో ఆవాలు చిటపటలాడటం, ఆ శబ్దం సద్దుమణగడం మైకుకు వినిపిస్తాయి. కన్ను ఉంది గాని పూర్తిగా నమ్మలేం. వంటింట్లో పసుపు దీపం ఉంటే ఒక రంగు, తెల్ల ఎల్‌ఈడీ ఉంటే ఇంకో రంగు. పైగా ఫోన్ కెమెరా తనంతట తానే రంగులు సర్దేస్తుంది. ఆవిరి కమ్మితే అదీ లేదు. ఉల్లిపాయ దోరగా వేగిందా, మాడుతోందా అన్న తేడాను అది ఒక్కోసారి చెప్పగలదు, ఒక్కోసారి తప్పుతుంది. ముక్కు మాత్రం లేదు. మన వంటలో సగం గుర్తులు వాసనలే కదా: అల్లం వెల్లుల్లి పచ్చి వాసన పోవాలి, మెంతులు కమ్మగా వేగాలి, నెయ్యి కాగిన వాసన రావాలి. అందువల్ల మంచి యంత్రం ఇక్కడ మన ముక్కును అరువు తీసుకోవాలి, "పచ్చి వాసన పోయిందా?" అని అడగాలి. మా అమ్మ పార్వతీపురం నుంచి వీడియో కాల్‌లో చేసేది సరిగ్గా ఇదే. ఆవిడకు కూడా ఫోనులో వాసన రాదు, అందుకే అడిగి అడిగి చంపుతుంది.

ఆవ పెట్టడం గురించి ఒక సంగతి చెబుతాను. కంద బచ్చలి కూరకు ప్రాణం ఆవ. కందలోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్ల వచ్చే దురదను చింతపండు పులుపు అణచివేస్తుంది. కూర దించాక, సెగ కాస్త తగ్గాక, నూరిన ఆవముద్ద కలుపుతాం. ఒడియా ఇళ్ళలో బెసర అని మరో పద్ధతి ఉంది; ఆవాలు, వెల్లుల్లి కలిపి నూరిన ముద్దను కూరతోపాటు ఉడికిస్తారు. ఆ రుచి వేరు, అదీ బాగుంటుంది. అయితే ఒక మాట్లాడే సహాయకుణ్ణి కంద బచ్చలి కూర గురించి తెలుగులో అడిగితే, ఆవముద్ద వేసి ఐదు నిమిషాలు ఉడికించమని ఎంతో ధీమాగా చెప్పింది. ఆ కూర అలా చేస్తే ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైమ్ వేరువేరు చోట్ల ఉంటాయి. నీళ్ళు పోసి నూరితే రెండూ కలిసి ముక్కుకు ఎక్కే ఘాటు పుడుతుంది. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది. రెండు వంటలూ ఎరిగినవారు ఎవరైనా, "నీకు కావలసింది ఆవ ఘాటా, బెసర రుచా?" అని ముందు అడిగి ఉండేవారు. యంత్రం తనకు బాగా తెలిసినదాన్నే చెప్పింది. ఎందుకు ఉడికించాలని నేను నిలదీసేసరికి వెంటనే మాట మార్చి నన్నే సమర్థించింది. నిజానికి నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఆ రెండో పనే. తెలిసినవాళ్ళు అడిగితే దిద్దుకునేది తెలియనివాళ్ళకు నేర్పడం ఎలా?

ఈ లోపానికి మూలం అది చదువుకున్న బడిలో ఉంది. వంటింటి పనిని కెమెరా కంటితో గుర్తుపట్టడం యంత్రాలకు నేర్పడానికి పరిశోధకులు వాడే పేరున్న దృశ్య సంచయాల్లో ఎపిక్ కిచెన్స్ ఒకటి. బ్రిస్టల్, టొరంటో, కటానియా విశ్వవిద్యాలయాల వారు 2018లో దాన్ని విడుదల చేశారు. తలకు కెమెరా తగిలించుకుని 32 మంది తమ సొంత వంటిళ్ళలో చేసిన పనుల దృశ్యాలు 55 గంటలు అందులో ఉన్నాయి. మంచి పని అది, నటన లేకుండా ఎవరి ఇంట్లో వారు మామూలుగా వండుకుంటూ తీసినది. అయినా అందులో రోలు కనబడుతుందా, కత్తిపీట కనబడుతుందా, అరిసెల నూనె పిండే చెక్క కనబడుతుందా? ఆదివారం సంతలో కొన్న కాలాజీరా బియ్యానికి ఎన్ని నీళ్ళు పొయ్యాలో అడిగితే ఫోన్ బాస్మతి లెక్క చెబుతుంది. కోరాపుట్ కాలాజీరాకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గాని, ఆ సన్నటి సువాసన బియ్యం ఏ యాప్ జాబితాలోనూ నాకు ఇంతవరకు తగల్లేదు.

కొలతల దగ్గర మాత్రం సాంకేతికత మాకు నిజంగా ఉపకారం చేసింది. మా అత్తగారి నోట గిద్ద, సోల, తవ్వ తప్ప వేరే మాట ఉండేది కాదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ. ఇంతవరకు లెక్క తిన్నగానే ఉంది, కాని ఏ ఇంటి సోల ఆ ఇంటిది. ఉప్పు, కారం అయితే చేతి గుప్పెడు, మూడు వేళ్ళ చిటికెడు. ఎంత అని అడిగితే, "తగినంత వెయ్యవే" అనేది. అడగడం మానేసి ఎలక్ట్రానిక్ త్రాసు మీద ఖాళీ గిన్నె పెట్టి, సున్నా చేసి, ఆవిడ ఆవకాయ కలుపుతున్నప్పుడు ఆ గిన్నెలోంచే తీసుకునేలా కారం, ఉప్పు, ఆవపిండి ఒకదాని తర్వాత ఒకటి ఉంచాం. ఎంత తీస్తే అంత తగ్గినట్టు త్రాసు చూపిస్తుంది. ఆవిడ తన ధోరణిలో తాను కలుపుకుంటూ పోయింది, మా అమ్మాయి పక్కన నిలబడి అంకెలు రాసుకుంది. ఈ వంటింటి సాంకేతికతలో అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే నమ్మదగినది ఆ త్రాసేనని నా అభిప్రాయం.

నమ్మకం అన్నాక ప్రమాదం సంగతి చెప్పకుండా దాటిపోలేను. వానలు మొదలయ్యాక మా సంతల్లో వెదురు కొమ్ములు వస్తాయి, ఒడియాలో కరడి అంటారు. పచ్చి వెదురు చిగుళ్ళలో టాక్సిఫిలిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్నుంచి సైనైడ్ పుడుతుంది. సన్నగా తరిగి బాగా ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే అది విడిపోయి పోతుంది; పులియబెట్టే పద్ధతి కూడా ఉంది. కొమ్ములు అమ్మే కొండ ఆడవాళ్ళు కొత్త మొహం కనిపిస్తే తమంతట తామే ఈ మాట చెబుతారు, తూకం వేయకముందే, "ఇంతకుముందు వండారా?" అని అడుగుతారు. ఫోనును వెదురు కూర ఎలా చెయ్యాలని అడిగితే డబ్బాలో వచ్చే ఉడికించిన ముక్కలు మనసులో పెట్టుకుని నేరుగా పోపు దగ్గర మొదలుపెట్టే జవాబులు నేను చూశాను. ఇలాంటి దినుసుల దగ్గర యంత్రం, "మీ దగ్గరున్నవి పచ్చివా, ఉడికించినవా?" అని అడగనంతవరకు దాని మాట వినవద్దని మా కింది వాటా కుర్రవాడికి ఖరాఖండీగా చెప్పాను.

అడగని యంత్రాన్ని అడిగేలా చేసుకునే ఉపాయం ఒకటి ఉంది. సంభాషణ మొదట్లోనే దానికి షరతులు పెట్టడం. నేను ఫోనుకు ఒక్కో వంటకు ముందు చెప్పే మాటలు ఇవి: "నేను కోరాపుట్‌లో ఉన్నాను, ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి. వంటకమంతా ఒకేసారి చెప్పవద్దు. ఒక్క మెట్టు చెప్పి ఆగు. నిమిషాలతో పాటు రంగు, శబ్దం, వాసన గుర్తులు చెప్పు. నాకు ఏం కనిపించిందో, ఏం వాసన వచ్చిందో అడిగి, నా జవాబు విన్నాకే తర్వాతి మెట్టుకు వెళ్ళు. దినుసు పచ్చిదో, ఉడికినదో, ఎండినదో తెలియకపోతే ముందే అడుగు." ఇలా చెప్పాక అది ఎంతో మెరుగ్గా నడుచుకుంటుంది, ఇంచుమించు వీడియో కాల్‌లో మా అమ్మలాగే ప్రశ్నలు వేస్తుంది. కాసేపయ్యాక మాత్రం షరతులు మరిచిపోయి మళ్ళీ నిమిషాల్లోకి దిగుతుంది, ఇంకోసారి గుర్తు చెయ్యాలి. వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. మన మాటను అర్థం చేసుకునే పని చాలావరకు ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో జరుగుతుంది కాబట్టి, కొండ మీద సిగ్నల్ పోయిందంటే అది మధ్యలో నోరు మూసుకుంటుంది. అందుకని కుర్రవాడికి ఆ షరతుల కిందనే తను వండబోయేదాని ముఖ్యమైన గుర్తులు ముందుగా అడిగించి, తెలుగు చదవలేని మా అమ్మాయికి కూడా వినిపించేలా తన గొంతుతోనే రికార్డు చేసి ఉంచమని చెప్పాను. ఇప్పటికి అరిసెలు, కంద బచ్చలి అయ్యాయి. పనసపొట్టు కూర గురించి అడుగుతున్నాడు, దానికి పొట్టు కొట్టడం ఏ రికార్డింగుతోనూ రాదు కనుక ఆదివారం పైకి రమ్మన్నాను.